నిత్యవ్యవహారమున ఇంగ్లీషు మాటలు: అర్థములు, ప్రయోగములు

ఇంగ్లీషువారు తెలుగునేలపై అడుగిడి నాలుగు శతాబ్దములు దాటినది. ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిన నాటినుండి వారి మాటలు మన భాషలోనికిని, మన మాటలు వారి భాషలోనికిని రాకపోకలు సాగించుచునే యున్నవి. నేడు ఇంగ్లీషు మాట వినబడని తెలుగిల్లు లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకు వెలుపల తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఈ మాటల పాత్ర మరింత పెద్దది. బెంగుళూరున కన్నడముతోను, మధురలో తమిళముతోను, బరంపురమున ఒడియాతోను, షోలాపురమున మరాఠీతోను నిత్యము మెలగవలసిన మనకు ఇంగ్లీషు మాట నడుమ వంతెనవలె ఉపయోగపడుచున్నది.

ఇంత వాడుకలో ఉన్నను ఇంగ్లీషు మాటలను గూర్చి మనలో రెండు అపోహలు కలవు. నిఘంటువులో ఒక తెలుగు సమానపదము దొరికినచో మాట యొక్క అర్థము తెలిసినట్లే యనునది మొదటిది. ఇంగ్లండులో వాడినట్లు వాడినదే ఒప్పు, తక్కినదెల్ల తప్పు అనునది రెండవది. మాటకు అర్థము నిచ్చునది నిఘంటుకారుడు కాడు, వాడువారు. కాలము మారినచో అర్థము మారును. చోటు మారినను మారును. మారిన అర్థమును తెలిసికొని వాడినచో మాట మనకు పనిముట్టగును. తెలియక వాడినచో మనమే దానికి లోబడుదుము. నిత్యము మన నోట నానెడి కొన్ని ఇంగ్లీషు మాటల పూర్వాపరములను వివరించి, వానిలో వేనిని నిస్సంకోచముగా వాడుకొనవచ్చునో, వేనికొరకు మన మాటను వదలుకొనరాదో నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. అర్థము మారు నాలుగు తీరులు

మాటల అర్థములు మారు విధములను భాషాశాస్త్రజ్ఞులు ముఖ్యముగా నాలుగుగా చెప్పుదురు: అర్థసంకోచము, అర్థవ్యాకోచము, అర్థాపకర్ష, అర్థోత్కర్ష. ఈ నాలుగును తెలుగున కలవు, ఇంగ్లీషునను కలవు. పోల్చి చూచినచో రెండు భాషల నడక ఒక్కటియే అని తేటపడును.

విశాలమైన అర్థముగల మాట ఇరుకగుట అర్థసంకోచము. 'మీట్' అనగా నేడు మాంసము. ప్రాచీనాంగ్లమున ఆ మాటకు ఆహారమని మాత్రమే అర్థము. ఆ పాత అర్థము 'స్వీట్‌మీట్' అను సమాసములో నేటికిని మిగిలియున్నది; అది మిఠాయియే గాని మాంసము కాదు. తెలుగున 'చీర' కథయు ఇట్టిదే. పూర్వము చీర యనగా ఎవరు కట్టినను వస్త్రమే. నేడు స్త్రీలు కట్టునది మాత్రమే. పాత అర్థము 'నారచీర' అను సమాసమున దాగియున్నది. ఇంకొక పోలిక చూడుడు. 'డీర్' అనగా నేడు లేడి. ప్రాచీనాంగ్లమున ఏ జంతువైనను డీరే. సంస్కృతమున 'మృగ' శబ్దమునకు జంతువనియు, లేడియనియు రెండర్థములు కలవు. ఇంగ్లీషు వీనిలో రెండవదానిని నిలుపుకొన్నది. తెలుగువారు మృగమన్నప్పుడు మొదటిదానినే తలంతురు.

ఇరుకైన అర్థము విశాలమగుట అర్థవ్యాకోచము. 'ఆయిల్' అను మాట లాటిను భాషలోని 'ఓలెయుమ్' నుండి వచ్చినది. దాని అర్థము ఆలివు పండ్లనుండి తీసిన నూనె. నేడు నేలనుండి తీసినదియు, గింజలనుండి తీసినదియు ఆయిలే. మన 'నూనె' పుట్టుకయు ఇట్టిదే: నువ్వుల నెయ్యి నూనె. నేడు నువ్వుతో సంబంధము లేకయే కొబ్బరినూనె, వేరుసెనగనూనె అనుచున్నాము. వేయి క్రోసుల దూరమున ఉన్న ఇరుజాతులును తమ తమ వంటయింటి నూనె పేరునే లోకములోని నూనెలన్నిటికి పెట్టిరి.

మంచి అర్థము చెడుట అర్థాపకర్ష. 'సిల్లీ' అనగా నేడు తెలివితక్కువ. పూర్వము దాని అర్థము ధన్యుడు, భాగ్యవంతుడు. ధన్యుడు అమాయకుడై, అమాయకుడు జాలిపడదగినవాడై, తుదకు తెలివిమాలినవాడైనాడు. మన 'కంపు' పూర్వము పరిమళమునకును చెల్లినది. నేడు దుర్గంధమునకే మిగిలినది.

సామాన్యార్థము గౌరవము పొందుట అర్థోత్కర్ష. 'మినిస్టర్' అను మాటకు లాటినులో సేవకుడని అర్థము, నేడు మంత్రి. మన 'సభికుడు' సంస్కృతమున జూదశాల నడుపువాడు. నేడు సభలో కూర్చున్న పెద్దమనిషి. 'నైస్' అను మాట ప్రయాణము మరింత విచిత్రము. 'ఏమియు తెలియనివాడు' అను అర్థముగల లాటిను మాటనుండి అది పుట్టినది. ఇంగ్లీషున మొదట మూఢుడనియు, పిమ్మట అతి సున్నితుడనియు, సూక్ష్మమనియు అర్థములు దాల్చి, 18వ శతాబ్దమున బాగుగనున్నది అను అర్థమునకు చేరినది.

ఒకే అర్థముతో బయలుదేరిన రెండు మాటలు ఒకటి పైకిని, ఒకటి క్రిందికిని పోవుటయు కలదు. ప్రాచీనాంగ్లమున కుఱ్ఱవాడను అర్థముగల మాటలు రెండు. వానిలో ఒకటి నేడు రాజు చేత బిరుదు పొందిన 'నైట్' ఐనది. రెండవది మోసగాడను అర్థముగల 'నేవ్' ఐనది. మాటలకును మనుష్యులవలె అదృష్టదురదృష్టములు కలవు.

2. మన నేలనుండి పోయిన మాటలు

ఇంగ్లీషు మాటలు మనకు వచ్చుటయే గాని మన మాటలు వారికి పోలేదని తలంచువారు పెక్కుమంది. యూల్, బర్నెల్ పండితులు కూర్చి 1886లో ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' అను ఆంగ్లోఇండియను పదకోశమును తిరుగవేసినచో ఈ భ్రమ తొలగును.

ఇంగ్లీషులోని 'బాండికూట్' మన పందికొక్కే. ఆ మాట తెలుగునుండి పోయినదని నిఘంటుకారులందరు అంగీకరించిరి. ఇంగ్లీషువారు దీనిని ఆస్ట్రేలియాకు కొనిపోయి, పిల్లలను పొట్టసంచిలో పెంచెడి వేఱొక చిన్న జంతువునకు పెట్టిరి. పందికొక్కు మారకయే దాని పేరు ఖండాంతరమున వేఱొక దేహమును ధరించినది. మన 'బండి'యు 'బాండీ'యై దక్షిణదేశపు దొరల ఇంగ్లీషున చాలకాలము నడచినది. తమిళుల 'కట్టుమరము' ఇంగ్లీషున 'కాటమరాన్' ఐనది. కట్టిన దుంగల తెప్ప అని దాని మొదటి అర్థము, నేడు జంటపొట్టల పడవ. తమిళుల 'సురుట్టు' ఇంగ్లీషున 'చెరూట్' ఐనది. మన చుట్టయు దాని చుట్టమే.

ఊరిపేరులును మాటలైనవి. నరసాపురమును ఆనుకొనియున్న మాధవాయపాలెమున కంపెనీవారికి వర్తకస్థానముండెను. అచటినుండి ఎగుమతియైన నూలుబట్టకు 'మడపొల్లం' అని పేరు వచ్చి, ఆ పేరు ఇంగ్లీషు నిఘంటువులకెక్కినది. గోలకొండ వజ్రముల కీర్తిచేత 'గోల్కొండ' అను మాటకు ఇంగ్లీషున తరుగని సంపదల గని అను అర్థము కలిగినది. కనుక ఇంగ్లీషు మాటలన్నియు ఇంగ్లీషువారి సొత్తు కావు. తమకు లేని వస్తువు కనబడినప్పుడు దాని పేరును గూడ సంకోచింపక వారు తీసికొనిరి. మనమును లాంతరును, రైలును, వాని పేరులతో కూడ తీసికొంటిమి. ఇందు చిన్నతనమేమియు లేదు.

3. మన ఇంట మారిన మాటలు

తీసికొన్న మాటను మనము తీసికొన్నట్లే ఉంచలేదు. 'రైలు' అనగా ఇంగ్లీషున ఇనుపకమ్మీ మాత్రమే. దానిపై పోవు బండ్ల బారును వారు 'ట్రెయిన్' అందురు. ఈడ్చుకొనిపోబడునది అని ఆ మాటకు మూలార్థము. మనకు కమ్మీయే బండియైనది. 'రైలు వచ్చినది' అన్నప్పుడు కమ్మీ వచ్చినదని ఏ తెలుగువాడును అనుకొనడు. కనుక తెలుగున ఆ ప్రయోగము సంపూర్ణముగా సాధువు. ఆ మాటనే ఇంగ్లీషు వాక్యమున వాడునప్పుడు మాత్రము భేదమును గుర్తుంచుకొనవలెను.

'గ్లాసు' అనగా గాజు. గాజుపాత్రకు ఆ పేరు వచ్చుట సహజము. మన ఇండ్లలో స్టీలు గ్లాసు, వెండి గ్లాసు కూడ కలవు. అక్షరార్థము చూచినచో ఇవి ఉక్కుగాజు, వెండిగాజు! తమిళనాట కాపురమున్న తెలుగువారు దీనినే 'టంబ్లరు' అందురు. ఇదియు ఇంగ్లీషు మాటయే; అడుగు గుండ్రముగానుండి క్రిందపెట్టినచో దొర్లిపోవు పాత్ర అని దాని మొదటి అర్థము. నేడు అడుగు చదునై కదలక నిలుచు పాత్రకు దొర్లునది అను పేరు మిగిలినది.

'కరెంటు' అనగా ప్రవాహము. నీటి కరెంటు కలదు, గాలి కరెంటు కలదు. మనకు మాత్రము కరెంటన్నచో విద్యుచ్ఛక్తియే. బ్యాంకులోని 'కరెంటు ఖాతా'యు, పరీక్షలలోని 'కరెంట్ అఫైర్సు'ను ఈ కుదురువే. పరుగెత్తుట అను లాటిను ధాతువునుండి పుట్టిన ఈ మాట ఎక్కడ వాడినను 'నడచుచున్నది' అను భావమును విడువదు. ధాతువు తెలిసినచో మూడు అర్థములను వేర్వేరుగా వల్లెవేయ పనిలేదు.

'హోటలు' ఇంగ్లీషున ముఖ్యముగా బస చేయుచోటు. దక్షిణదేశమున ముఖ్యముగా భోజనము చేయుచోటు. 'టిఫిను' కథ ఇంకను విచిత్రము. కొంచెము కొంచెముగా త్రాగుట అను అర్థముగల పాతకాలపు పామరపు మాటనుండి ఇది పుట్టి, మన దేశమందలి దొరల ఇండ్లలో మధ్యాహ్నపు చిరుభోజనమైనది. ఇంగ్లండున నేడు ఆ మాటను ఎరిగినవారు తక్కువ. దక్షిణమున అది ఇడ్లీ, దోసె, ఉప్మాలకు పేరైనది. బొంబాయిలోని తెలుగువానికి టిఫినన్నచో డబ్బాలో పెట్టి పంపిన మధ్యాహ్న భోజనము. కనుక బొంబాయి మేనల్లునకు మద్రాసు మేనమామ 'టిఫినునకు రమ్ము' అని కబురంపినచో, ఏ వేళకు రావలెనో కూడ తెలుపుట మేలు.

4. భూమికొలతలు

మాట తేడాలవలన వేళ తప్పిన పలహారము మించి నష్టము లేదు. భూమికొలతల మాటలలో పొరపడినచో ఆస్తికే నష్టము కలుగును. ఈ మాటలు నాలుగైదు రాష్ట్రములందు వ్యాపించిన మనవారి కుటుంబములకు నిత్యము తటస్థించునవి గనుక కొంత విపులముగా చెప్పవలసియున్నది.

'ఎకరము' ఇంగ్లీషు 'ఏకర్'. మొదట దానికి పొలమని మాత్రమే అర్థము. పిమ్మట ఒక కాడి యెద్దులు ఒక దినమున దున్నగలిగిన నేల అను అర్థము స్థిరపడినది. 'ఫర్లాంగు' అనగా చాలు పొడవు; దున్నుచాలు ఒక్క ఊపున పోవు దూరము. అది 220 గజములు. 'చైను' అను సర్వేగొలుసు 22 గజములు. ఒక ఫర్లాంగు పొడవు, ఒక చైను వెడల్పు గల నేల 4,840 చదరపు గజములు, అదియే ఎకరము. దున్నెడి రైతు నోటినుండి పుట్టిన కొలత గనుకనే మన రైతునకు అది పరాయిదిగా తోచలేదు.

ఎకరమును పంచుకొనుటలో మాత్రము ప్రాంతమునకొక తీరు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడులలో ఎకరమును నూరు భాగములు చేసి ఒక్కొక్కదానిని 'సెంటు' అందురు. నూరు అను అర్థముగల లాటిను మాటనుండి వచ్చిన దిది. ఒక సెంటు 48.4 చదరపు గజములు. ఒడిశాలో ఇదే నూరవ భాగమును 'డెసిమలు' అందురు. డెసిమలన్న మాటకు మూలార్థము పదవ వంతని. ఆ మూలార్థమును నమ్మి ఎకరములో పదవ వంతు అనుకొన్నవాడు పదింతలు పొరపడును. సెంటును, డెసిమలును కొలతలో ఒక్కటియే.

తెలంగాణమునను, కర్ణాటకమునను, మహారాష్ట్రమునను ఎకరమును నలువది భాగములు చేయుదురు. దానికి 'గుంట', 'గుంటె', 'గుంఠా' అని పేరులు. పదునొకండు గజముల చతురస్రము గుంట. అనగా 121 చదరపు గజములు. గుంటకు సెంట్లు రెండున్నర. మెట్రిక్ పద్ధతిలోని 'ఆర్' నూరు చదరపు మీటర్లు, అనగా ఇంచుమించు 119.6 చదరపు గజములు. గుంటయు ఆరును ఒక్కటియే యని వ్యవహరించువారు కలరు. ఒక గుంటలో తేడా గజమున్నరకు లోపే. నలువది గుంటలలో అది ఇంచుమించు 56 చదరపు గజములు, అనగా ఒక సెంటునకు మించిన నేల. దస్తావేజున ఏ మాట వ్రాసియున్నదో చూచుకొని సంతకము చేయవలెననుటకు ఇంతకంటె కారణము వలదు.

5. ఉత్తరములందు, సభలందు

కచేరీల ఇంగ్లీషున మనదేశమువారు కల్పించిన ప్రయోగములు కొన్ని కలవు. ఊరిలో లేడనుటకు 'ఔట్ ఆఫ్ స్టేషన్' అందుము. కంపెనీ ఉద్యోగి నియుక్తుడైన స్థలము అతని స్టేషను. అది విడిచి పోయినాడని భావము. కంపెనీ పోయినను మాట పోలేదు. 'ప్రిపోన్' అనగా ముందునకు జరుపుట. వెనుకకు జరుపుటకు 'పోస్ట్‌పోన్' ఉండగా ముందునకు జరుపుటకు ఒక్క మాటలేమిని మనవారు గ్రహించి వాడుకకు తెచ్చిరి. నేడు ఆక్స్‌ఫర్డు నిఘంటువు దానిని స్వీకరించినది. ఇది లోటు తీర్చిన మాట గనుక దీనికై సిగ్గుపడ పనిలేదు.

'రివర్ట్' సంగతి వేఱు. మన కచేరీలలో దానిని 'బదులిచ్చుట' అను అర్థమున వాడుదురు. ఇతర దేశములలో దాని ముఖ్యార్థము పూర్వస్థితికి మరలుట. 'పాస్ అవుట్' మనకు చదువు ముగించుట. సామాన్య ఇంగ్లీషున స్పృహతప్పుట. 'హోమ్లీ' అను మాట వివాహప్రకటనలలో తరచుగా కానవచ్చును. మన భావము ఇంటిపట్టున ఒద్దికగా మెలగునది యని. ఇంగ్లండున అది ఆడంబరములేని హాయిని తెలుపును. అమెరికాలో రూపమునుగూర్చి చెప్పినచో అందము లేనిది అని అర్థము. అమెరికాలో పెరిగిన వరునికొరకు ఇచ్చు ప్రకటనలో ఈ మాటను వాడినచో పిల్లను మనమే కించపరచినట్లగును.

సంఘములు నడుపువారు ఎరుగవలసిన మాట 'టేబుల్' అను క్రియ. ఇంగ్లండునను, మనదేశమునను తీర్మానమును టేబుల్ చేయుటయనగా చర్చకు పెట్టుట. అమెరికాలో చర్చను వాయిదా వేయుట. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ ఒక్క మాటపై ఇరుదేశముల అధికారులకు దీర్ఘమైన వాదము జరిగెనని చర్చిల్ తన యుద్ధచరిత్రలో వ్రాసెను. ఇరుపక్షములు కోరినది ఒక్కటియే! 'బిలియను' అను సంఖ్యయు ఇట్టిదే. పూర్వము ఇంగ్లండున అది లక్ష కోట్లు. అమెరికాలో నూరు కోట్లు. 1974లో ఇంగ్లండు ప్రభుత్వమును నూరు కోట్ల లెక్కనే తన లెక్కలలో స్వీకరించినది. పాత పుస్తకములను చదువునప్పుడు ఇది జ్ఞప్తియందుంచుకొనవలెను.

వీనినిబట్టి ఒక సూత్రము చేసికొనవచ్చును: మాట సాధువా అసాధువా యని విచారించుటకు ముందు, చదువువాడెవడు అని విచారింపవలెను. మనలో మనము వ్రాసికొనునప్పుడు మన ప్రయోగము చెల్లును. పరదేశమునకు వ్రాయునప్పుడు వారి ప్రయోగము నెరిగి వ్రాయవలెను.

6. బంధుత్వపు మాటలు

ఇంతవరకు చెప్పినవి మనకు లేని వస్తువులకు, కొలతలకు, వ్యవహారములకు తెచ్చుకొన్న మాటలు. ఇక మనకు నిండుగా ఉండగా తెచ్చుకొనుచున్న మాటలు రెండు మూడు కలవు. 'అంకుల్', 'ఆంటీ', 'కజిన్' అను నీ మాటలు చిన్నవియే గాని వీనివలన కలుగు నష్టము చిన్నది కాదు.

తండ్రి సోదరుడు పెదతండ్రి గాని, పినతండ్రి గాని యగును. తల్లి సోదరుడు మేనమామ. తల్లి సోదరి పెద్దమ్మ, పిన్ని. తండ్రి సోదరి మేనత్త. పినతండ్రి బిడ్డలును, పిన్ని బిడ్డలును మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. మేనమామ బిడ్డలును, మేనత్త బిడ్డలును బావలు, మరదులు, వదినలు, మరదండ్రు. ఈ వరుసలు కేవలము పిలుపులు కావు. ఎవరితో పరిహాసమాడవచ్చును, ఎవరియెడ తల్లివలె మెలగవలెను, ఎవరితో వివాహము చెల్లును, ఎవరితో చెల్లదు అను సంఘనీతి యంతయు వీనిలో ఇమిడియున్నది. అమెరికా పండితుడు మోర్గన్ లోకములోని బంధుత్వవ్యవస్థలను సేకరించి 1871లో ప్రకటించిన మహాగ్రంథమున తమిళ, తెలుగు, కన్నడముల వరుసల పట్టికలను చేర్చి, ఇట్టి విభాగమే ఉత్తర అమెరికాలోని ఆదిమజాతులయందును ఉండుట చూచి ఆశ్చర్యపడెను.

ఇంగ్లీషు మాటలు ఈ భేదములను చూపలేవు. 'అంకుల్' అన్నచో మేనమామయు అగును, పినతండ్రియు అగును. 'కజిన్' అన్నచో చెల్లెలా, మరదలా తెలియదు. అయితే ఇంగ్లీషు మొదటినుండియు ఇట్లే ఉండెనా? లేదు. ఇది గమనింపదగిన విషయము. ప్రాచీనాంగ్లమున మేనమామకు 'ఏఆమ్', తండ్రి సోదరునకు 'ఫేడెర', మేనత్తకు 'ఫథు', తల్లి సోదరికి 'మోద్రియె' అని నాలుగు వేర్వేరు మాటలుండెను. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిరి, ఫ్రెంచి రాజభాషయైనది. క్రమముగా ఫ్రెంచినుండి 'అంకుల్', 'ఆంట్' అను రెండు మాటలు వచ్చి, ఆ నాలుగు మాటల స్థానమును ఆక్రమించినవి. ఫ్రెంచి చదివిన యానాము తెలుగువారు ఆ భాషలోని 'ఓంక్ల్' అను మాటను చూచి ఈ పోలికను వెంటనే గుర్తింపగలరు.

ఇంకను లోతునకు పోయినచో మరియొక వింత. 'అంకుల్' మూలమైన లాటిను మాటకు మేనమామ యనియే అర్థము. పినతండ్రికి లాటినున వేఱొక మాట కలదు. 'ఆంట్' మూలమైన లాటిను మాటకు మేనత్త యనియే అర్థము. తల్లి సోదరికి వేఱొకటి కలదు. 'కజిన్' మూలమైన మాటకు మొదటి అర్థము తల్లి సోదరి బిడ్డ. అనగా నేడు అన్నిటిని కలగాపులగము చేయుచున్న ఈ మాటలు పుట్టుకచే మన మాటలవలెనే కచ్చితమైనవి. వాడువారు భేదమును పాటించుట మానగా మాటలు భేదమును కోల్పోయినవి.

'ఇన్-లా' అను ప్రత్యయమును ఇట్టి చరిత్ర కలదే. అందలి 'లా' రాజశాసనము కాదు, క్రైస్తవమఠముల ధర్మశాస్త్రము. వివాహముచేత కలిగిన చుట్టమును రక్తసంబంధివలె భావించి, వారితో మరల వివాహము నిషేధించిన శాస్త్రమది. మనలో మేనమామయే మామ యగుట కలదు. మామ యనినచో అంకులా, ఫాదర్-ఇన్-లా యా యని ఇంగ్లీషు అడుగును. రెండును ఒకడే యగుట ఆ భాష ఊహింపలేదు. తోడల్లునకు 'కో-బ్రదర్', తోడికోడలికి 'కో-సిస్టర్', పెదతండ్రి కొడుకునకు 'కజిన్-బ్రదర్' అని మనవారు కల్పించిరి. ఇంగ్లండున ఇవి చెల్లవు. కాని అవసరమునుండి పుట్టినవి. ఇంగ్లీషున లేని భేదమును ఇంగ్లీషుచేతనే పలికింపవలెనను ప్రయత్నము వీనిలో కనబడుచున్నది.

ఇది మాటల ముచ్చట మాత్రమే కాదు, చట్టపు ముచ్చటయు. 1955 నాటి హిందూవివాహచట్టమున నిషిద్ధమైన సంబంధముల జాబితాలో 'అంకుల్'కును 'నీస్'కును జరుగు వివాహమును, అన్నచెల్లెండ్ర బిడ్డల వివాహమును చేరియున్నవి. ఇరుపక్షముల ఆచారము అంగీకరించినచో ఆ నిషేధము వర్తింపదని అదే చట్టము చెప్పుచున్నది. 'నీస్' అను మాటలో అక్క కూతురును కలదు, అన్న కూతురును కలదు. మన ఆచారమున మేనకోడలిని చేసికొనుట కలదు. అన్న కూతురు కూతురే. మన ఆచారము నెరుగని చోట కాపురముండి అధికారికి పత్రము దాఖలు చేయువారు 'అంకుల్', 'నీస్' అని ఊరక వ్రాయరాదు. తల్లి సోదరుడు, అక్క కూతురు అని విడదీసి వ్రాయవలెను. మేనరికములవలన సంతానమునకు కొన్ని వంశవ్యాధుల భయము హెచ్చని వైద్యులు చెప్పుచున్నారు. చేసికొనుటయా మానుటయా అది వేఱు విచారణ. మానుటకైనను ఎవరు మేనవారో తెలియవలెను గదా!

వారసత్వపత్రములందును ఇంతే. పెదతండ్రి కొడుకును అన్న యనుట మన మర్యాద. ఇంగ్లీషు పత్రమున అతనిని 'బ్రదర్' అని వ్రాసినచో ఒకే తల్లిదండ్రుల బిడ్డయని అర్థమగును. అచట 'తండ్రి సోదరుని కుమారుడు' అని వ్రాయుటయే క్షేమము.

మన ఇరుగుపొరుగు భాషలవలన ఈ నష్టము మనకు రాదు. కన్నడతమిళముల వరుసలు మన వరుసలే. మరాఠీలో 'మామా' వేఱు, 'కాకా' వేఱు; 'ఆత్యా' వేఱు, 'మావశీ' వేఱు. ఒడియాలో 'మాము', 'కకా', 'పిఉసీ', 'మాఉసీ' అని అట్లే విడివిడిగా కలవు. షోలాపురపు తెలుగు బాలుడు మామను మామా అన్నను, కాకా అను మాటను చేర్చుకొన్నను భేదము చెడదు. ఇద్దరిని 'అంకుల్' అన్నప్పుడే చెడును. మన పెండ్లిలో వధువును గంపలో కూర్చుండబెట్టి తెచ్చువాడు మేనమామ. ఆ గంపపై 'అంకుల్'కు హక్కు లేదు. ఆ మాటలో ఆ బాధ్యతయు లేదు. పిలుపు పోయిన ఇంట కొన్నాళ్లకు గంప ఎవరు పట్టవలెనని అడుగవలసివచ్చును.

7. ఉపసంహారము

పైన చెప్పినదానిని సంగ్రహించినచో మూడు మాటలలో తేలును. మనకు లేని వస్తువునకు ఇంగ్లీషు మాటను తీసికొనుట లోపము కాదు. ఇంగ్లీషువారు పందికొక్కును, మాధవాయపాలెపు బట్టను తీసికొన్నట్లే మనమును తీసికొంటిమి. తీసికొన్న మాట మన నోట అర్థము మార్చుకొన్నను తప్పు లేదు; కాని దస్తావేజునను, ఉత్తరమునను, ఎదుటివాని అర్థము నెరిగి వాడవలెను. మనకు నిండైన మాటలుండి ఇంగ్లీషున కొరతయున్న చోట మాత్రము మన మాటను వదలుకొనరాదు. బంధుత్వపు మాటలు అట్టి చోటు.

అపరిచితుని 'అంకుల్' అని పిలుచుట నేటి మర్యాద. దానిని ఆక్షేపింప పనిలేదు. ఇంటిలోని మేనమామను మామయ్య యనియు, తండ్రి తమ్ముని బాబాయి, చిన్నాయన, చిన్నాన్న యని ఎవరి ప్రాంతపు మాటతో వారు పిలుచునట్లును పిల్లలకు నేర్పినచో చాలును. దీనికి బడి వలదు, పుస్తకము వలదు, వ్యయము లేదు. తెలుగులిపి రాని పిల్లలకు సైతము ఈ ఇరువది మాటలు నోటికి వచ్చును. లిపి మరచిన కుటుంబములు మరల నేర్చుకొనవచ్చును. గ్రంథములు అచ్చులో నిలిచియుండును. నోటనే బ్రతుకు మాట నోటినుండి జారినచో తిరిగి వచ్చుట కష్టము. ఇంగ్లండున 'ఏఆమ్' అను మాట నేడు పండితుల గ్రంథములలో మాత్రమే కలదు. ఆ మాటతో తన మేనమామను పిలుచువాడు లేడు. మన 'మామ'కు ఆ గతి పట్టకుండ చూచుకొనుట ఇంటింటి పని.